మెడ తిరిగిన పావురం, మా మేడ మీది నీళ్ల తొట్టి

పావురం జొన్నగింజని గురిచూసి పొడిచింది. ముక్కు గింజకి అంగుళం పక్కన సిమెంటుకి తగిలింది. మళ్లీ పొడిచింది, మళ్లీ తప్పింది. నాలుగైదు సార్లు అలా అయ్యాక తల ఒక్కసారిగా వెనక్కి వాలిపోయింది. గొంతు ఆకాశం వైపు, నడినెత్తి నేల వైపు. ఆ తలతోనే వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్లి వాటర్ ట్యాంకు గోడకి కొట్టుకుంది.

మార్చి నెల, పొద్దున ఏడు గంటలు. మేముండేది బెంగళూరులో రామమూర్తి నగర్ వైపు, నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్. మదనపల్లె వదిలి ఇక్కడికొచ్చి 19 ఏళ్లయింది. బ్యాంకులో వీఆర్‌ఎస్ తీసుకున్నాక పొద్దున్నే మేడెక్కి పక్షులకి గింజలు చల్లడం, ఎండాకాలం నీళ్లు పెట్టడం అలవాటు చేసుకున్నాను. మొదట్లో పది పన్నెండు వచ్చేవి. తర్వాత వాటిలో వాటికి కబురందినట్టుంది, యాభైకి తగ్గకుండా పిట్టగోడ మీద వరుసగా కూర్చుని నా కోసం చూసేవి. వాటి కోసమే వెడల్పాటి మట్టి తొట్టి కొన్నాను. చుట్టూ చేరి అన్నీ ఒకేసారి తాగొచ్చు. ఆ తొట్టిని ఫొటో తీసి చుట్టాలందరికీ పంపాను కూడా.

మా ఎదురు బిల్డింగ్ ముఖమంతా అద్దాలు. అంతకుముందు ఏడాది ఒక కోయిల ఆ అద్దానికి కొట్టుకుని మా గేటు దగ్గర పడి చచ్చిపోయింది. అందుకే ఈ పావురం కూడా అద్దానికే కొట్టుకుని మెడ విరగ్గొట్టుకుందనుకున్నాను. ఇక అక్కణ్ణించి తప్పు మీద తప్పు. ఉత్త చేతులతో పట్టుకున్నాను. కూరగాయల బుట్టలో పాత టవలు పరిచి అందులో పెట్టాను. ఎండకి దాహమేస్తుందని మందు చుక్కల గొట్టంతో నోట్లోకి నీళ్లు వదిలాను. అది ఉక్కిరిబిక్కిరై తల విదిలించింది, ఆ తుంపరలు నా మొహాన పడ్డాయి. చేత్తోనే తుడుచుకున్నాను. బుట్టని తీసుకెళ్లి నీడగా ఉంటుందని వరండాలో పెట్టాను. అదే వరండాలో ఎదురింటి పిల్లాడి లవ్‌బర్డ్స్ పంజరం వేలాడుతూ ఉంటుంది. ఆ సంగతి నాకు మధ్యాహ్నం దాకా తట్టనే లేదు.

తోచక అమ్మకి వీడియో కాల్ చేసి చూపించాను.

"మెడ అట్ల మెలేస్తాందే, రెట్ట ఎట్ల పడతాంది?" అని అడిగింది.

టవలు చూశాను. నీళ్లలా పడి, మధ్యలో ఆకుపచ్చ తీగలాగా ఉంది.

"అద్దమూ లేదు, గోడా లేదు. కొక్కెర తగిలింది దానికి. మన కోళ్లకి రాలేదా, నువ్వు టెన్త్ చదివేటప్పుడు?"

గుర్తుంది. ఆ ఏడు మాకు 22 కోళ్లుండేవి, వారం తిరిగేసరికి రెండు మిగిలాయి. కొక్కెర తెగులు మొదలైందని తెలియగానే ఊళ్లో అందరూ ముందు చేసే పని, ఇంకా కాళ్ల మీద నిలబడి ఉన్నవాటిని కోసేయడం. ఆ వారం మా వీధిలో ప్రతి ఇంట్లోనూ కోడికూరే. ఈకలూ పేగులూ తీసుకెళ్లి దిబ్బలో పారేసేవాళ్లం. పక్క వీధి కోళ్లు వచ్చి ఆ దిబ్బనే గెలికేవి. పై వారం పక్క వీధిలో కోడికూర. దీన్ని ఎవరూ జబ్బు పాకడం అనుకోలేదు, గాలి సోకిందనేవాళ్లు.

"మజ్జిగలో పసుపు కలిపి పొయ్యి" అంది అమ్మ. నీళ్ల చుక్కలకే అంత గొడవైంది కదా, మజ్జిగ జోలికి పోలేదు.

దగ్గర్లో ఉన్న ఒక పెట్ క్లినిక్‌కి ఫోన్ చేస్తే కుక్కలూ పిల్లులూ తప్ప వేరేవి చూడం అన్నారు. ఒక ఆఫీసుకి చేస్తే, "పావురమా? బయట వదిలెయ్యండి మేడం, వాటంతటవే సర్దుకుంటాయి" అన్నారు. పక్షుల్నీ పాముల్నీ చూసే రెస్క్యూ సెంటర్ ఒకటి కెంగేరి వైపు ఉందని మా అమ్మాయి చెప్పింది. మూడుసార్లు బిజీ వచ్చాక నాలుగోసారి ఒకమ్మాయి ఎత్తింది, కన్నడం కలిసిన ఇంగ్లిష్‌లో. ముందు వీడియో పంపమంది. చూశాక ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎక్కడ దొరికింది, అద్దానికి ఎంత దూరంలో? ముక్కులోంచి గానీ నోట్లోంచి గానీ రక్తం ఉందా? రెక్క ఒకటి కిందికి జారిందా? కళ్లచుట్టూ, కాళ్ల మీద పొక్కులున్నాయా? చుట్టుపక్కల ఇంకేవైనా ఇలాగే ఉన్నాయా, చచ్చాయా? ఇంట్లో కోళ్లుగానీ పెంపుడు పక్షులుగానీ ఉన్నాయా?

ఆఖరి ప్రశ్నకి నా గుండె జారింది. ఫోన్ పట్టుకునే పరుగెత్తి బుట్టని కిందికి, స్కూటర్ల షెడ్డులోకి మార్చాను. ఆ లవ్‌బర్డ్స్‌కి ఏమైనా అయితే ఆ పిల్లాడికి మొహం ఎలా చూపించాలా అని నెల రోజులు టెన్షన్ పడ్డాను. వాటికేం కాలేదు. ఆ ఇంటివాళ్లకి మాత్రం అదే రోజు చెప్పేశాను. చెప్పకుండా ఉండిపోదామని ఒక గంట ఆలోచించిన మాటా నిజమే.

ఆ అమ్మాయి చెప్పినట్టు అట్టపెట్టెకి కన్నాలు పెట్టి, అడుగున గుడ్డ పరిచి, పావురాన్ని మెత్తటి బట్టతో కప్పి పట్టుకుని అందులో పెట్టి మూసేశాను. చీకటిగా ఉంటే అది బెదరదు. వెలుగులో, చప్పుడులో ఈ మెడ తిరగడం ఇంకా ఎక్కువవుతుందట. తిండి పెట్టొద్దు, నోట్లో నీళ్లు పొయ్యొద్దు అని రెండుసార్లు చెప్పింది. పక్షికి గాలిగొట్టం నోరు నాలుక మొదట్లోనే ఉంటుంది, మనకున్నట్టు దానికి మూత ఉండదు. నేను పోసిన నీళ్లలో కొంత ఊపిరితిత్తుల్లోకే పోయి ఉంటుంది.

ఆటోలో పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సిల్క్ బోర్డ్ దగ్గర ఆగినప్పుడు డ్రైవర్ వెనక్కి తిరిగి, "ఏన్ మేడం ఒళగె?" అన్నాడు, లోపలేముందని. "పారివాళ, హుషారిల్ల" అన్నాను, పావురం, బాగాలేదని. "పాప" అన్నాడు. కన్నడంలో పాప అంటే అయ్యో పాపం అని. కొత్తగా వచ్చిన రోజుల్లో ఈ మాట విని ఎవరి పాప అని వెనక్కి తిరిగి చూసేదాన్ని.

సెంటర్‌లో డాక్టరు నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది. గ్లౌజులు, మాస్కు వేసుకుని పావురాన్ని బట్టలో చుట్టి ముందు నోరు తెరిచి టార్చి వేసి చూసింది. గొంతులో పసుపుపచ్చగా జున్నుముక్కల్లాంటివి ఉంటే అది ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే వేరే జబ్బు. పావురాల్లో చాలా మామూలు, దానికి మందుంది. ఇక్కడ అది లేదు. గొంతు కింద మేతసంచి తడిమింది, ఖాళీ. రొమ్ము ఎముక కత్తి అంచులా చేతికి తగిలింది.

"ఇది ఇవాళ దెబ్బ తగిలిన పక్షి కాదు. కనీసం వారం నుంచి తిండి లేదు" అంది.

యాభై పక్షులకి రోజూ జొన్నలు పోస్తున్నాను, తిండి లేకపోవడమేమిటి?

అప్పుడు విడమరిచి చెప్పింది. తలకి దెబ్బ తగిలితే ముక్కులో నోట్లో రక్తమో, ఒక కన్ను వాపో, రెండు కంటిపాపలూ సమానంగా లేకపోవడమో ఉంటుంది. ఒళ్లు మాత్రం దిట్టంగానే ఉంటుంది, ఎందుకంటే నిన్నటిదాకా బాగా తిన్నదే కదా. విషం తిన్నవైతే ఒకే రోజు, ఒకే చోట చాలా పడతాయి, మేతసంచి నిండుగా ఉంటుంది. ఇది పావురాలకి వచ్చే పారామిక్సో వైరస్‌లా ఉంది. ల్యాబ్‌లో చూస్తే తప్ప ఖాయంగా అనలేం గానీ లక్షణాలన్నీ అవే. ఈ వైరస్ మెదడునీ నరాలనీ పడుతుంది. పక్షికి గింజ కనిపిస్తుంది, ఆకలీ వేస్తుంది, గురి మాత్రం కుదరదు. చుట్టూ గింజలుండగా ఆకలికి మాడి చస్తుంది. మూత్రపిండాల మీద కూడా పని చేస్తుంది కాబట్టి నీళ్లు తెగ తాగుతుంది, రెట్ట నీళ్లలా పోస్తుంది.

"మా అమ్మ కొక్కెర తెగులు అంది" అన్నాను కొంచెం సంకోచంగా. ఆవిడకి తెలుగు రాదు. కోళ్లు మెడ తిప్పి చచ్చిపోయేవని చెప్పాను. రాణిఖేత్, అంది. 1920ల చివర్లో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో కనిపించడం వల్ల మన దేశంలో ఆ పేరు పడింది, బయటి దేశాలవాళ్లు న్యూకాసిల్ అంటారు. పావురాలకి వచ్చేది ఆ వైరస్‌లోనే ఒక రకం, 1980ల్లో దేశదేశాల పావురాల్లో పాకింది. అమ్మ రోగం సరిగ్గానే పట్టుకుంది, వెయ్యమన్న మందే తేడా. వైరస్‌కి మందు లేదు. కోళ్లకి ముందుగా టీకా చుక్కలున్నాయి గానీ ఊళ్లో తిరిగే పావురాల కళ్లలో చుక్కలు ఎవరు వేస్తారు?

చెయ్యగలిగిందల్లా వేరేగా ఉంచి, చేత్తో తినిపిస్తూ, వారాల తరబడి ఓపిక పట్టడమే. ఆవిడ ఒక చిన్న కిటుకు చూపించింది, నాకు భలే నచ్చింది. పళ్లెంలో పలచగా చల్లితే ఈ పక్షికి గింజ దొరకదు. లోతైన గిన్నెలో అంచు దాకా పోస్తే ఎక్కడ పొడిచినా గింజే.

వచ్చేముందు అడిగింది, "మీ మేడ మీద నీళ్లు ఎలా పెడతారు?" అని. నా తొట్టి గురించి చెప్పాను. మందలించలేదు, తల ఊపి రాసుకుంది. రెట్టల్లో, నోటి తడిలో వైరస్ ఉంటుంది. జబ్బు పక్షి అందరికంటే ఎక్కువసేపు నీళ్ల దగ్గర నిలబడుతుంది. మిగతా నలభై తొమ్మిదీ అదే నీళ్లు తాగుతాయి. మా ఊరి దిబ్బ పని ఇక్కడ నా తొట్టి చేస్తోందన్నమాట.

మర్నాడు గింజలు తీసుకెళ్లలేదు. కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను. ఏడాదిగా రోజూ చూస్తున్న పక్షులే, ఆ రోజు చూసినట్టు ఎప్పుడూ చూడలేదు. గుంపుకి దూరంగా, ఈకలు ఉబ్బించుకుని బంతిలా కూర్చున్నవి మూడు. ఎండలో కూడా కళ్లు సగం మూసుకునే ఉన్నాయి. తొట్టి దగ్గర ఒకటి నాలుగు నిమిషాలు తాగుతూనే ఉంది. దాన్ని అంతకుముందు వారం కూడా చూసి, పాపం ఎంత దాహమో అనుకున్నాను. బ్యాంకు బుద్ధి పోదు కదా, పాత డైరీ ఒకటి తీసి లెడ్జర్‌లా గీతలు కొట్టాను: తేదీ, వచ్చినవి, నలతగా ఉన్నవి, చచ్చినవి. మార్చి 14న 52, 3, 0. మార్చి 17న 49, 5, 1. ఆ డైరీ తర్వాత నా మాటకి విలువ తెచ్చింది. "చాలా చస్తున్నాయి" అంటే ఎవరూ వినరు. అంకె చెబితే రాసుకుంటారు.

కాకి చచ్చేసరికి కథ మారింది.

మార్చి 19న సంప్ పక్కన ఒక కాకి చచ్చి పడి ఉంది. వాచ్‌మన్ దాన్ని చెత్త డబ్బాలో వేసేశాడు, నాకు సాయంత్రం తెలిసింది. 21న ఇంకోటి. అంతే, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. బర్డ్ ఫ్లూ అన్నారు. ఒకాయన గుడ్లు కొనడం మానెయ్యమన్నాడు, ఇంకొకరు వాచ్‌మన్ విషం పెట్టాడన్నారు. 2012 అక్టోబరులో హెసరఘట్ట కోళ్ల కేంద్రంలో టర్కీ కోళ్లు బర్డ్ ఫ్లూతో చచ్చిన వార్తని ఎవరో తేదీ కత్తిరించి తాజా వార్తలా పెట్టారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్ల ఫారాలు ఖాళీ అయిన వీడియోలు దానికి తోడు. అన్నింటి కిందా ఒకటే ప్రశ్న: మేడ మీద పావురాల్ని మేపేది ఎవరు? పేరు రాయలేదు గానీ రాసినట్టే.

భయం లేదని అనను, నాకూ ఉంది. కానీ ఈసారి పద్ధతి తెలుసు. ప్లాస్టిక్ కవరుని చేతికి గ్లౌజులా తొడుక్కుని కాకిని పట్టుకుని, కవరు తిరగేసి ముడి వేసి, ఇంకో కవరులో పెట్టాను. ప్రభుత్వ పశువైద్యశాలకి ఫోన్ చేసి లెడ్జర్ చదివాను: ఏ పక్షి, ఎన్ని, ఏ రోజు, ఎక్కడ. అవతలి డాక్టరు గొంతు మారింది. పావురాలు బర్డ్ ఫ్లూకి అంత తేలిగ్గా లొంగవు, కాకులు లొంగుతాయి, కాబట్టి రెండు రోజుల తేడాలో రెండు కాకులంటే చూడాల్సిందే అన్నాడు. 2021 జనవరిలో రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో ఆ జబ్బుని ముందు పట్టిచ్చింది చచ్చిన కాకులేనట. మనిషిని పంపుతాను, అప్పటిదాకా ఐసులో ఉంచండి, ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు, గడ్డకట్టి కరిగితే లోపలి భాగాలు పరీక్షకి పాడవుతాయన్నాడు. ఫ్రీజర్‌లో పెట్టే ధైర్యం ఈ బిల్డింగ్‌లో ఎవరికుంది! కింద జ్యూస్ షాపులో ఐసు అడిగాను. ఎందుకని అడిగితే చేపలకన్నాను. అతను ఇప్పటికీ నన్ను చూస్తే చేపల ధర అడుగుతాడు.

సాయంత్రానికి ఇద్దరొచ్చారు. కాకిని పెట్టెలో సర్దుకుని, మిగతా పక్షుల రెట్టలు పుల్లకి చుట్టిన దూదితో కొంచెం తీసుకున్నారు. ముందు హెబ్బాళలో ఉన్న ప్రాంతీయ రోగనిర్ధారణ ల్యాబ్‌కి వెళ్తుంది, అక్కడ అనుమానం వస్తే ఖాయం చెయ్యాల్సింది భోపాల్‌లోని జాతీయ సంస్థ. మొదటి కాకి ఏదని అడిగారు. చెత్తబండిలో పోయిందంటే పెదవి విరిచారు. పది రోజుల తర్వాత ఫోన్ వచ్చింది, ఫ్లూ లేదని. గ్రూపులో ఆ మాట పెట్టాను. మూడు బొటనవేళ్లు వచ్చాయి. రెండొందల మెసేజ్‌ల భయానికి మూడు బొటనవేళ్ల ఊరట.

ఈలోగా నా ఎడమ కన్ను ఎర్రబడి ఉబ్బింది. కళ్ల డాక్టరు ఇంట్లో ఇంకెవరికైనా కళ్లకలక ఉందా అని అడిగాడు. లేదని, తొమ్మిది రోజుల కింద జబ్బు పావురం నా మొహాన నీళ్లు విదిలించిందని చెప్పాను. ఆయన పెన్ను ఆపి నా వైపు చూశాడు. న్యూకాసిల్ జాతి వైరస్ మనుషుల కంటికి సోకితే కళ్లకలక తెస్తుంది, దానంతటదే తగ్గుతుంది. నాకు వారంలో తగ్గింది. అది పావురం వల్ల వచ్చిందో, బస్సులో పట్టుకున్న కడ్డీ వల్ల వచ్చిందో పరీక్ష చేయించలేదు.

మేడ కడగడం పెద్ద పనే. వాచ్‌మన్ పొడి చీపురు పట్టుకుని ఎండిన రెట్టలు ఊడ్చడం మొదలుపెట్టాడు. ధూళి లేస్తోంది. ఆపించాను. ఎండిన రెట్టల ధూళి పీల్చడం ఊపిరితిత్తులకి ముప్పు, ఆరోగ్యంగా కనిపించే పావురాలదైనా సరే. మాస్కులు పెట్టుకుని ముందు నీళ్లతో తడిపి, మెత్తబడ్డాక గీకి, సబ్బుతో కడిగి, అప్పుడు పది పాళ్ల నీళ్లకి ఒక పాలు బ్లీచింగ్ ద్రావణం కలిపి పోశాం. మురికి ఉండగానే పోస్తే బ్లీచింగ్ అంతా ఆ మురికితోనే సరిపోతుంది, పని చెయ్యదు. తొట్టిని పగలగొట్టేశాను. మట్టిది కాబట్టి ఎంత తోమినా రంధ్రాల్లో తడి దాగుతుంది.

చచ్చిన పావురాల్ని చెత్తబండికి ఇవ్వడం మానేసి, కాంపౌండ్ మూలన మోకాలిలోతు గుంట తీసి సున్నం చల్లి పూడ్చాం. దీనికి కమిటీలో ఒకరు అడ్డం చెప్పారు, బండివాళ్లున్నారు కదా అని. వాటర్ ట్యాంకు మీద రోజూ వాలే గద్దల్ని చూపించాను. చెత్తలో చచ్చిన పావురం ఉంటే ముందు దిగేది అవే.

అసలు చిక్కు మూడో అంతస్తు అంకుల్‌తో వచ్చింది. కర్నూలాయన, డెబ్బై దాటాయి. గింజలు ఆపాలంటే ఒప్పుకున్నారు, కాకులకి అన్నం మాత్రం ఆపనన్నారు. "అమావాస్యకి మా నాయనకి పెట్టేదమ్మా. కాకి ముట్టకపోతే ఎట్లా?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు, మా ఇంట్లోనూ తద్దినం పెడతాం. చివరికి ఆకులో ఒక్క ముద్ద, మేడ మీద కాకుండా వెనక వేపచెట్టు కింద గోడ మీద, కాకి తిన్న అరగంటలో ఆకు తీసెయ్యాలి, అని ఒప్పందం కుదిరింది. ఆయన మాట తప్పలేదు. ఆకు తీసేటప్పుడు గ్లౌజులు కూడా వేసుకుంటున్నారు.

పావురాలు ఎనిమిది రోజులు వచ్చి పిట్టగోడ మీద కూర్చున్నాయి. నేను ఖాళీ చేతులతో ఎక్కితే అన్నీ ఒకేసారి తల తిప్పి చూసేవి. ఆ ఎనిమిది రోజులూ మేడెక్కడమే కష్టమైంది. తర్వాత చెదిరిపోయాయి. లెడ్జర్‌లో ఆఖరి చావు ఏప్రిల్ 6. ఇప్పుడు గింజలు లేవు. నీళ్లు మాత్రం మూడు చిన్న స్టీలు గిన్నెల్లో, మేడకి మూడు మూలల, రోజూ తోమి పెడుతున్నాను. సాయంత్రానికి బోర్లిస్తాను. పిచ్చిక ఎప్పుడూ రాదు, గోరింకలు వస్తున్నాయి.

మే మొదట్లో సెంటర్‌కి ఫోన్ చేశాను. రిజిస్టరు నంబరు చెబితే వెతికి చెప్పారు. నేను తీసుకెళ్లిన పావురం బతికే ఉంది. తనంతట తను తింటోంది, బెదిరితే మాత్రం మెడ ఇంకా ఒక పక్కకి వాలుతుందట. ఇంకొన్నాళ్లు ఉంచుకుని చూస్తామన్నారు.

అమ్మకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"రెండు నెలలు కూర్చోబెట్టి మేపినారా?" అంది. "మరి కోసుకోలేదూ?"